చిటికెన పుల్లకు నాలుగో వెర్షన్

పోశెట్టి మధ్యాహ్నం అన్నం తిని, ఓ కునుకు తీసి లేచేసరికి ఆయన ఎడమచెయ్యి మారిపోయి ఉంది.

చూడటానికి చెయ్యి చెయ్యిలాగే ఉంది. అయిదు వేళ్లూ ఉన్నాయి, మణికట్టుకి ఎప్పటి బూడిదరంగు పట్టీ ఉంది. మంచం పక్కనున్న చెంబు అందుకుని నీళ్లు తాగాడు, చుక్క తొణకలేదు. భేష్ అనుకున్నాడు. వాకిట్లో ఆరబోసిన వడ్ల మీద కోళ్లు పడ్డాయి. "హుష్" అంటూ చెయ్యి విదిలించబోతే అది ఒక్కసారి పైకి లేచి, గాలిలో అలాగే నిలబడిపోయింది. కోళ్లు భయపడలేదు సరికదా, పెద్దమనిషి దీవిస్తున్నాడనుకున్నాయేమో, తీరిగ్గా మేస్తూనే ఉన్నాయి.

"అనవసర చలనం గుర్తించబడినది. స్థిరీకరించబడినది," అంది మణికట్టు మీది పట్టీ, రేడియోలో వార్తలు చదివే గొంతుతో.

ఇన్నాళ్లూ అది కిక్కురుమనలేదు. దానికి నోరుందన్న సంగతే పోశెట్టికి తెలియదు.

"రజితా! దీన్నేం జేసినవ్?" అని కేకేశాడు.

కోడలు రజిత ముందు గదిలో జిరాక్సు, నెట్ సెంటర్ నడుపుతుంది. కౌంటరు వెనకనుంచే తల బయటపెట్టింది. "ఏం జేయలే మామా. పదిరోజులసంది అప్‌డేట్ అప్‌డేట్ అని నీ ఫోను ఒకటే సతాయిస్తాంది. ఆ ఎర్రచుక్క చూసి చూసి నా కండ్లు కాలినయ్. నువ్వు పండుకున్నవ్ గదా అని సరే అని కొట్టిన."

"ఏం రాసిందో సదివినవా?"

"నలభై పేజీలున్నది. ఎవలు సదువుతరు?"

ఈ మాట వేరెవరైనా అంటే సరే. కిందటేడు తన కొట్టులో కంప్యూటర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించుకుని మూడు వారాలు ఏడ్చిన మనిషి ఈ రజితే. పక్కనే ఉన్న ప్రింటరు దానికి కనపడకుండా పోయింది. తెలుగు అక్షరాలన్నీ డబ్బాలయ్యాయి. స్టార్ట్ బొత్తాం మూలనుంచి మధ్యకి వచ్చి కూర్చుంది. కులం సర్టిఫికెట్ ఫారాల కోసం వచ్చినవాళ్లు లైను కట్టి తిట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆమే అప్పుడు వాపోయింది. అయినా ఎర్రచుక్క కనపడితే ఆమె వేలు ఆగదు. మనిషి స్వభావానికి కొత్త వెర్షన్ రాలేదింకా.

పట్టీ సంగతి చెప్పాలి. అయిదేళ్ల కిందట పోశెట్టి ఎడమచేతికి వణుకు పట్టుకుంది. మాత్రలు వేసుకున్న రోజు కొంత నయం, వేసుకోని రోజు కంచంలో అన్నం ఒడిలోకి చేరేది. హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాల వాళ్లు ఇలాంటివాళ్ల కోసం ఈ పట్టీ తయారుచేశారు. నరంలో వణుకు బయల్దేరగానే అది పసిగట్టి, ఎదురుగా ఓ చిన్న జలదరింపు పంపుతుంది. రెండూ ఢీకొని చెయ్యి కుదురుగా నిలుస్తుంది. ఏది వణుకో, ఏది మనిషి కావాలని చేసే పనో తెలుసుకోవడంలోనే దాని తెలివంతా ఉంది. ఆ తెలివిని యేటా పెంచుతామంటూ కొత్త వెర్షన్ పంపుతుంటారు. మొన్నటిదాకా పోశెట్టి చేతికి ఉన్నది మూడోది.

నాలుగోదాని తెలివి మూడు రోజుల్లో ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది. రజిత చేట చేతికిస్తే బియ్యం చెరగలేకపోయాడు. జల్లెడ పడితే పిండి జల్లెడలోనే ఉండిపోయింది. దగ్గుమందు సీసా ఊపబోతే "స్థిరీకరించబడినది." ఊరికెళ్లే కొడుకు బస్సెక్కి చెయ్యూపితే తిరిగి ఊపలేక కొయ్యలా నిలబడ్డాడు. పట్టీకి పక్కన చిన్న బొత్తాం ఉంది, ఇదివరకు అవసరం లేనప్పుడు నొక్కితే పడుకునేది. ఇప్పుడు ఆ బొత్తాం నొక్కితే టైమెంతయిందో చెబుతోంది! ఆపాలంటే ఫోనులోకి వెళ్లి, మూడు గడపలు దాటి, సంకేతపదం కొట్టాలి. అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక చుక్కో గీతో ఉండాలట. రజిత కష్టపడి పెట్టింది, మర్నాటికి తనే మరిచిపోయింది. సాయం కోసం నంబరుకి ఫోన్ చేస్తే "మీ అనుభవం మాకు ముఖ్యం" అని ఓ పాట వేసి వదిలేశారు.

ఇవన్నీ చికాకులు. చికాకులతో మనిషి చావడు. పోశెట్టి ప్రాణం అసలు ఎక్కడ ఇరుక్కుందో నాలుగో రోజు సాయంత్రం తెలిసింది.

ఆయన డప్పు కొడతాడు. పదేళ్ల వయసులో భుజాన తగిలించుకున్నది, ఇప్పుడు అరవై నాలుగు. ఆ సాయంత్రం గడ్డిమంట వేసి డప్పు కాచాడు. తోలు బిగిసి కంగుమంది. కుడిచేత్తో లావుపాటి సిర్ర పట్టుకుని దరువు ఎత్తుకున్నాడు, బాగానే పలికింది. ఎడమచేతి వేళ్ల మధ్య సన్నటి చిటికెన పుల్ల ఉంటుంది. సిర్ర దెబ్బకీ దెబ్బకీ నడుమ ఆ పుల్ల డప్పు అంచున ఆగకుండా చిటపటలాడాలి, రేకుల మీద వాన పడ్డట్టు. అది లేకపోతే డప్పుకీ కిరసనాయిలు డబ్బాకీ తేడా లేదు. పుల్ల ఒక్కసారి తోలుకి తగిలి అక్కడే అతుక్కుపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే.

పట్టీ విప్పి చూశాడు. విప్పగానే అసలు వణుకు విరుచుకుపడింది, పుల్ల చేతిలోంచి ఎగిరి మంటలో పడింది.

పోశెట్టి అక్కడే కూర్చుండిపోయాడు. భయమేసింది ఆయనకి, దుర్గయ్య గుర్తొచ్చి.

దుర్గయ్య ఆయన జోడీ. వరసకి బావ. నలభై ఏళ్లు ఇద్దరూ కలిసే కొట్టారు, పెళ్లిళ్లకీ బోనాలకీ చావులకీ. ఇద్దరిలో దరువు నడక దుర్గయ్యది, పుల్ల పనితనం పోశెట్టిది. రాతి క్వారీలో పీల్చిన దుమ్ము దుర్గయ్య ఊపిరితిత్తులు తినేసింది. పెద్దాసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి నెల కావస్తోంది. తీసుకొచ్చిన రోజే పోశెట్టి చెయ్యి పట్టుకుని ఒకే మాట అడిగాడు. "బావా, నా ముంగట నువ్వే నడువాలె. నీ పుల్ల ఇనుకుంట పోవాలె నేను." పోశెట్టి మాటిచ్చాడు. మూడో వెర్షన్ చేతికి ఉందన్న ధైర్యంతో ఇచ్చాడు.

మర్నాడు తెల్లారగానే హైదరాబాద్ బస్సెక్కాడు.

ప్రయోగశాల వరండాలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. పోశెట్టి పక్కన సుగుణ అని ఒక రిటైర్డు టీచరమ్మ కూర్చుంది. ఆమెకి రెండు చేతులకీ పట్టీలే. క్యాంటీన్ అమ్మాయి తెచ్చిన టీ కప్పు అందుకుని, రెండు వేళ్లతో దాని చెవి పట్టుకుని గుక్కగుక్కగా తాగింది. అడక్కుండానే చెప్పుకొచ్చింది. "తొమ్మిదేళ్లయిందండీ నా అంతట నేను టీ తాగి. మా ఆయన తాగించేవారు, పసిపిల్లకి పట్టినట్టు. పాత వెర్షన్లన్నిటికీ నా వణుకు లొంగలేదు. ఈ నాలుగోది రాగానే లొంగింది. ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ల చేతులు చల్లగుండాలి." చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది, అదీ తన చేత్తోనే.

పోశెట్టి తను పోట్లాడటానికి వచ్చిన సంగతి ఆమెకి చెప్పలేదు.

తబస్సుమ్ లోపలికి పిలిచింది. ఈ పట్టీకి బుద్ధి నేర్పే పనంతా ఆమెదే. జగిత్యాల పిల్ల. మొదటి వెర్షన్ నాటినుంచీ పోశెట్టిని ఎరుగును, కాకా అని పిలుస్తుంది. ఆమె ఆయన చేతికి తీగలు తగిలించి, కాసేపు పుల్ల ఆడించమంది; పట్టీ చేతిని ఆపినా, నరంలో పుట్టే కదలికని ఆ తీగలు పట్టుకుంటాయి. తర్వాత పట్టీ విప్పి, ఊరికే ఉంచమంది. తెర మీద రెండు గీతలు వచ్చాయి. వాటికింద ఏడాది పాత గీత ఒకటి తెచ్చి పెట్టింది. మొదటిదీ పాతదీ అచ్చు ఒక్కటే.

"కాకా, పోయిన ఎండకాలం మా వాళ్లిద్దరు మీ ఊరికి వచ్చిండ్రు గదా, వణుకు రికార్డు చేసుకోవడానికి. ఆ రోజు ఏం జరిగింది?"

పోశెట్టి నేలచూపు చూశాడు.

"ఆ పొద్దు మాత్ర మంచిగ పనిజేసింది బిడ్డా. చెయ్యి కదలనే లేదు. ఇద్దరాడపిల్లలు. గంత దూరమొచ్చిండ్రు, నెత్తిమీద నిప్పులెక్క ఎండ. గంటసేపు చూసిండ్రు. వణుకు రాలేదు, పోతమన్నరు. ఇంటికొచ్చినోళ్లను ఉత్త చేతులతోని ఎట్ల పంపుత? అన్నం పెట్టి, నేనే ఆడించిన."

"ఎట్ల ఆడించిండ్రు?"

"పుల్ల ఆడించినట్టు. నాకు వచ్చింది అదొక్కటే గదా."

తబస్సుమ్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆయనకి తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేస్తోంది.

ఆమె చెప్పింది తేటగానే ఉంది. యంత్రానికి వేలమంది వణుకులు చూపించి, ఇవి ఆపాలి అని నేర్పుతారు. రోగుల వణుకులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మధ్యలో తెగుతాయి. పోశెట్టి ఇచ్చిన అరగంట ముక్క మాత్రం ఎక్కడా తొట్రుపాటు లేకుండా, ముత్యాలు గుచ్చినట్టు వచ్చింది. యాభై ఏళ్ల సాధన మరి! ప్రయోగశాలంతా సంబరపడి, అన్నిటికన్నా దానికే ఎక్కువ విలువ ఇచ్చి నేర్పింది. అందుకే నాలుగో వెర్షన్‌కి ఆయన పుల్ల విద్యే అసలు సిసలు వణుకయి కూర్చుంది. చేట చెరగడం, జల్లెడ పట్టడం, చెయ్యూపడం ఆ పోలికలోవే కాబట్టి అవీ పోయాయి.

"తప్పు నాదే కాకా. అంత చక్కటి వణుకు ఎక్కడన్నా ఉంటదా అని నాకు అనుమానం రావాలె. రాలేదు."

"ఇప్పుడు తీసెయ్యరాదా?"

"తీసేస్తే మీ పుల్ల మీకు వస్తది. నెల రోజుల్లో సర్ది అందరికీ పంపుతా. ఒక్కరికే వేరుగ చేయరాదు." ఆమె తెర వైపే చూస్తూ అంది. "కానీ ఒక మాట దాచలేను. వెర్షన్ పంపేముందు ఒక్కొక్క ముక్క తీసి పరీక్ష చేసి చూసినం. ఆ ముక్క తీసేస్తే చేతులు బాగా ఎగిరేటోళ్లకు, ముదిరిపోయినోళ్లకు, ఇది మళ్లీ పనిచేయదు. మీ గీత పక్కన పెట్టుకొని చూస్తేనే దీనికి వాళ్ల వణుకు ఆనవాలు దొరుకుతాంది. పదకొండు వందల మంది ఉన్నరు అట్లాంటోళ్లు. వేరే దారి దొరకడానికి ఏడాదో, రెండేళ్లో. నేనే అధికారులకు రాయాలె. మీరు ఫిర్యాదు ఇస్తే రేపే రాస్తా, మీ హక్కది."

అద్దం తలుపులోంచి వరండా కనపడుతోంది. సుగుణ టీచర్ రెండో కప్పు టీ తాగుతోంది. అవసరం లేకపోయినా తాగుతున్నట్టుంది, ఆ ముచ్చట తీరక.

పోశెట్టికి కోపం వచ్చింది. ఆమె మీద కాదు, తబస్సుమ్ మీదా కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తన మీద తనకే వచ్చింది. ఆ ఆడపిల్లల్ని ఉత్తచేతులతో పంపి ఉంటే ఇవాళ పుల్ల తనదే. కానీ పంపి ఉంటే ఆ టీచరమ్మ నోటికి కప్పు అందేది కాదు. మర్యాదకి పోయి చేసిన అబద్ధం ఇంతమంది నోటికి కూడయి కూర్చుంది. దాన్ని ఎట్లా వెనక్కి లాగడం?

"రాయకు బిడ్డా," అన్నాడు చివరికి. "పాత పట్టీ ఏదన్న ఉంటే ఇయ్యి. ఒక్క పనున్నది నాకు."

అది కూడా చిక్కే. మూడో వెర్షన్‌తో నడిచే పట్టీల బ్యాటరీ వేడెక్కి ఇద్దరికి చర్మం కాలింది. అందుకని ఈ ఆదివారం సాయంత్రం ఆరు గంటలకల్లా పాతవన్నీ వాటంతటవే ఆగిపోయేలా ముందే ఏర్పాటు చేశారు. తబస్సుమ్ బీరువాలోంచి పాత పట్టీ తీసి, ఆయన మణికట్టుకి కట్టి, దాపరికం లేకుండా చెప్పింది. "ఆదివారం ఆరు వరకే కాకా. ఆ తర్వాత నా చేతుల్లో కూడా లేదు." ఆ రోజు గురువారం.

ఊరికొచ్చి డప్పు కాచి పట్టుకుంటే పుల్ల పలికింది. తోటి కళాకారులిద్దరు విని "పెద్దనాయన వచ్చిండు" అని పరుగెత్తుకొచ్చారు. పోశెట్టి మాత్రం లోపలికెళ్లి క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

శుక్రవారం దుర్గయ్య ఇంటికెళ్లాడు. ఎట్లుందని అడిగాడు. దుర్గయ్య భార్య రాజవ్వ పొద్దున రెండు చెంచాల జావ తాగాడని సంతోషంగా చెప్పింది. శనివారం వెళ్లాడు. మూడు చెంచాలు తాగాడట, కూర్చోబెట్టమన్నాడట. మంచిదే కదా! పోశెట్టి గుండె దిగాలుపడింది. ఎందుకు దిగాలుపడిందో దారిలో తట్టింది. బావ ఆదివారం ఆరులోపల పోవాలని ఎదురుచూస్తున్నాడు తను. మాట నిలబెట్టుకోవడానికి మనిషి చావుకి గడువు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ల స్నేహం ఇంతకొచ్చిందా అని రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చాడు.

ఆదివారం మూడింటికి, డప్పు భుజాన వేసుకుని దుర్గయ్య ఇంటిముందు దిగాడు. వాకిట్లో గడ్డి తెచ్చి మంట వేశాడు.

"ఏంది తమ్మీ ఇది?" అంది రాజవ్వ.

"ఆయనకు మాటిచ్చిన అక్కా. ముంగట నడుస్త అని. గడియారం నన్ను ఆగనిస్తలేదు. ఇయ్యాల్నే కొట్టిపోత."

రాజవ్వకి అర్థమయ్యేసరికి మొహం ఎర్రబడింది. "మనిషి కండ్లు తెరిచి ఉండంగ సావుడప్పు కొడ్తవా? నీకేమన్న మతి పోయిందా? ఏ కులంల, ఏ వాడల ఉన్నదయ్యా గీ ఆచారం?"

"యాడ లేదు అక్కా. తప్పే."

లోపల్నుంచి దగ్గు వినపడింది. దగ్గు వెనకే దుర్గయ్య గొంతు, గాలి తక్కువై, ముక్కలు ముక్కలుగా. "కొట్టనియ్యే... సచ్చినంక... నాకినవడుతదా?"

మంచాన్ని గడప దగ్గరికి జరిపారు. దుర్గయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, ఎముకల గూడులా. పోశెట్టి డప్పు కాచుకుని, వాకిట్లో నడుమ నిలబడి, ఎత్తుకున్నాడు. చావు దరువు మెల్లగా మొదలవుతుంది. నాలుగడుగులు వేసి ఆగాలి, పాడె దించే దింపుడుకల్లం దగ్గర మలుపు తీసుకోవాలి, అక్కణ్నుంచి ఊపందుకోవాలి. సిర్ర నడిచింది. చిటికెన పుల్ల దాని వెంట చిటపటమని కురిసింది. పట్టీ వేడెక్కి మణికట్టు చురుక్కుమంటోంది, ఆయన ఆపలేదు. వాడకట్టు వాళ్లు ఎవరు పోయారో అని పరుగున వచ్చి, గడపలో కూర్చున్న దుర్గయ్యని చూసి నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. రాజవ్వ చెంగు నోట్లో కుక్కుకుంది. దుర్గయ్య వేళ్లు మంచంపట్టె మీద దరువు వేస్తున్నాయి.

ఊపు మీదున్న చోట దుర్గయ్య చెయ్యెత్తి ఆపాడు.

"మలుపుకాడ... తొందరపడ్డవ్. మల్ల కొట్టు."

"సావుల కూడ తప్పులు వట్టుడేనా బావా?"

"నాది గదా... మంచిగ జరగాలె."

జనంలో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, రాజవ్వ కూడా. పోశెట్టి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి మలుపు దగ్గర నిలకడగా తీసుకుని, చివరికంటా కొట్టాడు. ఆరు కావడానికి ఇంకా చాలా సమయం ఉందని తెలిసినా, డప్పు దించి గోడకి ఆనించేశాడు. మంచం పక్కన వచ్చి కూర్చుంటే దుర్గయ్య ఆయన మణికట్టు మీద కమిలిన చోట వేలు పెట్టి చూశాడు.

"మరి... ఆ దినం ఏం జేస్తవ్? పుల్ల లేకుంట?"

పోశెట్టి ఆ వేలిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"నలభై ఏండ్లు మనమిద్దరం అందరి పాడెల ముంగట నడిచినం బావా. ఒక్కపారన్న భుజం వట్టలే. చేతులు ఖాళీ ఉంటె గదా! ఆ దినం కొత్త పట్టీ ఏసుకొని వస్త. డప్పు పిల్లలు కొడ్తరు. నేను నిన్ను మోస్త. చెయ్యి ఇంతంత గూడ కదలది."

దుర్గయ్య కళ్లు మూసుకుని, తల దిండుకి వాల్చాడు.

"గట్లయితే," అన్నాడు, "తలకాడ పట్టు."